పందిరి, బారాదరి, గజీబో: అమీర్‌పేట – పంజాగుట్ట ఇంటితోటల్లో మంటపపు ఎంపిక – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇంటితోటలో కూర్చోవడానికి నిర్మించే చిన్న మంటపాన్ని నేటి మార్కెట్టు ‘గజీబో’ అంటున్నది. దానిని ఎంచుకోవడం సాధారణంగా అభిరుచికి, ఖర్చుకు సంబంధించిన విషయంగా కనిపిస్తుంది. మధ్య హైదరాబాదులోని అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల భూచరిత్రను పరిశీలిస్తే ఈ ఎంపికను ప్రతి దశలోనూ భూమి యాజమాన్యమే ప్రధానంగా నిర్ణయించిందని తెలుస్తుంది. పాయగా జాగీర్ల కాలం, 1949 తరువాతి కాలనీల కాలం, 1980ల నుంచి అపార్ట్‌మెంట్ల కాలం అనే మూడు దశల్లో తోటమంటపం పొందిన మార్పులను ఈ వ్యాసం చర్చిస్తుంది. తెలుగు గృహంలోని అరుగు, మండువా, పందిరి నిర్వహించిన పనులతో గజీబోను పోల్చి, నేటి చిన్న స్థలాలకు ఏ నమూనా తగినదో నిర్ధారిస్తుంది.

కీలకపదాలు: గజీబో, పందిరి, బారాదరి, దేవిడీ, పాయగా, ఎర్రమంజిల్, అమీర్‌పేట, పంజాగుట్ట.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు కట్టడాల చరిత్రలో కోటలు, మసీదులు, సమాధులు, రాజప్రాసాదాలు విస్తృతంగా చర్చకు వచ్చాయి. ఆ ప్రాసాదాల చుట్టూ ఉన్న తోటలకు, తోటల్లోని చిన్న కట్టడాలకు అంత స్థానం దక్కలేదు. ఇందుకు కారణం స్పష్టమే. రాతికట్టడం నిలుస్తుంది, తోట నిలవదు. వెదురు పందిరి ఒక వానాకాలం దాటితే మళ్ళీ కట్టుకోవలసిందే. అయితే ఒక సమాజం తీరిక వేళను ఎక్కడ, ఎవరితో, దేనిని చూస్తూ గడిపిందో చెప్పగలిగేవి ఈ చిన్న కట్టడాలే.

అమీర్‌పేట, పంజాగుట్టలు నేడు మెట్రో కూడలికి, కోచింగ్ కేంద్రాలకు, ఆసుపత్రులకు, నగల దుకాణాలకు పేరుపొందిన చోట్లు. ఇక్కడ తోటమంటపం గురించి మాట్లాడడం వింతగా తోచవచ్చు. నూరేళ్ళ కిందట ఇవి నగరం వెలుపలి తోటల ప్రాంతాలు. ఈ రెండు స్థితుల నడుమ ఏం జరిగిందో తెలుసుకోకుండా నేటి ఇంటి యజమాని గజీబోను ఎందుకు కోరుకుంటున్నాడో అర్థం కాదు.

2. పదాల చరిత్ర:

‘గజీబో’ అనే మాట ఆంగ్లంలో 1750ల తొలినాళ్ళలో, విలియం, జాన్ హాఫ్‌పెన్నీలు చైనా శైలి తోటకట్టడాలపై ప్రచురించిన నమూనా పుస్తకాల కాలంలో అచ్చుకెక్కింది. తేరిపార చూడడమనే అర్థమున్న ఆంగ్ల క్రియకు లాటిన్ భవిష్యదర్థక ప్రత్యయాన్ని సరదాగా జోడించి ఈ మాటను కల్పించారని ఒక వాదం ఉంది. ఏదో ప్రాచ్యభాషా పదానికి ఇది అపభ్రంశమని మరొక వాదం. వ్యుత్పత్తి ఏదైనా ప్రయోగంలో స్థిరపడిన అర్థం ‘చూపుకు అనువైన చోటు’. అంటే గజీబోకు ముందు ఒక దృశ్యం ఉండాలి. దృశ్యం లేనిచోట దాని పేరుకే సార్థకత తగ్గుతుంది.

దక్కనులో ఇదే పనికి వాడుకలో ఉన్న మాట ‘బారాదరి’. పన్నెండు ద్వారాల కట్టడమని దీని అర్థం. నాలుగు వైపులా మూడేసి ద్వారాలు తెరిచి ఉండడం వల్ల గాలి ఏ దిక్కునుంచి వచ్చినా లోపలికి చేరుతుంది. గోలకొండకు సమీపంలోని ఇబ్రహీంబాగ్‌లో గుట్టపై ఉన్న తారామతి బారాదరి ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. పారశీకంలోని ‘కూష్క్’ అనే మాట కూడా తోటమంటపానికే చెల్లేది. అదే తుర్కీ, ఫ్రెంచి భాషల మీదుగా ఆంగ్లానికి చేరి ‘కియోస్క్’గా మారి, నేడు టికెట్లు అమ్మే పెట్టెకు పేరైంది.

తెలుగులో మంటపం, చప్పరం, చావడి, లతాగృహం, పొదరిల్లు, పందిరి అనే మాటలు వేర్వేరు ఛాయలతో ఉన్నాయి. ప్రబంధాల అష్టాదశ వర్ణనల్లో ఉద్యానవిహారం, జలక్రీడ భాగాలు కావడం వల్ల లతాగృహం కావ్యభాషలో స్థిరపడింది. నిత్యవ్యవహారంలో నిలిచింది మాత్రం పందిరే. పెళ్ళికి, శ్రీరామనవమికి, ఎండాకాలపు చలివేంద్రానికి, బీరతీగకు, మల్లెతీగకు ఒకే మాట సరిపోయింది. తమిళంలోని ‘పందల్’ దీనికి సోదరపదం. దాని నుంచే భారతీయ ఆంగ్లంలోని ‘పాండాల్’ వచ్చింది.

ఈ పదాలను పక్కపక్కన ఉంచితే ఒక భేదం కనిపిస్తుంది. గజీబో, బారాదరి చూపును ప్రధానం చేసుకున్నవి. పందిరి నీడను ప్రధానం చేసుకున్నది. మొదటి రెంటికీ విశాలమైన భూమి కావాలి. మూడవదానికి నాలుగు గుంజలు, ఒక తీగ చాలు.

3. తెలుగు ఇల్లు – మూడు పనుల విభజన:

సంప్రదాయ తెలుగు గృహానికి విడిగా తోటమంటపం అవసరం పెద్దగా రాలేదు. వీధిని చూస్తూ, వచ్చేపోయేవారితో మాట్లాడుతూ కూర్చునే పనిని అరుగు చేసింది. ఆకాశాన్ని, వానను, వెన్నెలను ఇంటి నడుమకు తెచ్చే పనిని కోస్తాంధ్ర మండువా లోగిలి, తెలంగాణ భవంతి చేశాయి. పచ్చదనానికి, చల్లదనానికి పెరటి పందిరి ఉండేది. చూపు, ఆకాశం, నీడ అనే మూడు పనులు ఇంట్లోని మూడు చోట్లకు పంపిణీ అయ్యాయి.

ఈ పంపిణీకి సామాజిక పార్శ్వం కూడా ఉంది. అరుగు ఎక్కువగా పురుషులది. మండువా, పెరటి పందిరి స్త్రీల పనికి, మాటకు, విశ్రాంతికి నెలవులు. అరుగుమీద ఎవరు కూర్చోవచ్చునో, ఎవరు కింద నిలబడాలో కులవ్యవస్థ నిర్దేశించింది. అందువల్ల పాత ఇంటి నిర్మాణాన్ని కేవలం ఆదర్శంగా స్మరించడం సరికాదు. అయితే ఇరవయ్యో శతాబ్ది రెండవ సగంలో కొత్త ఇంటి నమూనాలు వచ్చినపుడు అరుగు, మండువా, పెరడు ఒక్కొక్కటే తొలగిపోయాయి. ఆ మూడూ తొలగిన తరువాతే వాటి పనులన్నిటినీ ఒక్కటే చేస్తుందన్న ఆశతో గజీబో ఇంటి ఆవరణలోకి వచ్చింది. ఈ క్రమాన్ని గుర్తించడం ముఖ్యం.

4. దేవిడీలు, మంజిళ్ళు – జాగీర్ల కాలం:

అమీర్‌పేట పేరు పాయగా వంశీయుల ‘అమీర్-ఎ-కబీర్’ బిరుదుతో ముడిపడినది. పొరుగున ఉన్న బేగంపేటకు, రెండవ నిజాం కుమార్తె, పాయగా ప్రభువు ఫక్రుద్దీన్ ఖాన్ భార్య అయిన బషీరున్నిసా బేగం వల్ల ఆ పేరు వచ్చిందని ప్రసిద్ధి. నేడు అమీర్‌పేటలో ప్రకృతి చికిత్సాలయం ఉన్న ఆవరణ ఒకప్పుడు పాయగాల దేవిడీ అని స్థానిక చరిత్ర చెబుతుంది. సర్ వికారుల్ ఉమ్రా ఫలక్‌నుమాను ఆరవ నిజాంకు అప్పగించిన తరువాత బేగంపేటలో నిర్మించుకున్న పాయగా ప్యాలెస్‌లో 2008 నుంచి 2023 వరకు అమెరికా కాన్సులేటు పనిచేసింది.

ఈ ఎస్టేట్లలో ప్రధాన భవనం ఒక భాగం మాత్రమే. దాని చుట్టూ తోటలు, గుర్రపుశాలలు, మైదానాలు ఉండేవి. పంజాగుట్ట – ఖైరతాబాదు దారిలో గుట్టమీద నవాబు ఫక్రుల్ ముల్క్ నిర్మించిన ప్రాసాదం ఇందుకు మంచి ఉదాహరణ. నూటయాభైకి పైగా గదులున్న ఆ భవనం చుట్టూ పోలో మైదానం, గోల్ఫ్ మైదానం, గుర్రపుశాలలు, పాడిపశువుల శాల ఉండేవని వర్ణనలు ఉన్నాయి.

ఆ ప్రాసాదపు పేరులో ఈ వ్యాసానికి కీలకమైన విషయం దాగి ఉంది. ‘ఇరమ్’ అనేది ఖురాను ప్రస్తావించిన స్తంభాల నగరం. పారశీక కవిసమయంలో అది షద్దాదు నిర్మించిన స్వర్గతుల్యమైన ఉద్యానం. కనుక ‘ఇరమ్ మంజిల్’ అంటే నందనవనం వంటి నివాసం. గుట్ట నేల ఎర్రగా ఉండడం వల్ల ఆ చోటును తెలుగువారు ఎర్రగడ్డ అనేవారని, అందుకు ధ్వనిసామ్యం కలిసేలా ఈ పేరు పెట్టారని ఒక కథనం ఉంది. క్రమంగా జనవ్యవహారంలో ‘ఎర్రమంజిల్’ స్థిరపడింది. మెట్రో స్టేషను పేరూ అదే. పేరులో తోట వినిపించకుండా పోయి రంగు మిగిలింది. నేలమీద జరిగినదీ అదే.

ఎస్టేటు స్థాయిలో తోటమంటపపు ఎంపికకు ప్రాతిపదిక చూపే. గుట్టమీది నుంచి కింది చెరువులు, మైదానాలు, దూరపు కోట కనిపించే కాలంలో నాలుగు వైపులా తెరిచిన కట్టడానికి అర్థం ఉంది. అదే ప్రాంతానికి నిజామియా వేధశాల తరలిరావడాన్ని కూడా ఈ సందర్భంలో గమనించాలి. 1901లో నవాబు జఫర్ జంగ్ ఫిసల్‌బండాలో ప్రారంభించిన ఈ వేధశాలను 1908లో నిజాం ప్రభుత్వం స్వీకరించింది. తరువాత అది అమీర్‌పేటను ఆనుకొని ఉన్న బేగంపేట భూముల్లోకి మారింది. అంతర్జాతీయ నక్షత్ర పటాల కృషిలో పాలుపంచుకుంది. తోటమంటపం కాకపోయినా అది కూడా చూపు కోసం వెలసిన కట్టడమే. నగరదీపాలు పెరిగిన కొద్దీ ఆకాశం మసకబారింది. 1968 నాటికి 48 అంగుళాల కొత్త దూరదర్శినిని నగరానికి దూరంగా రంగాపూర్‌లో నెలకొల్పారు. అమీర్‌పేట పరిసరాల్లో చూపు కుదించుకుపోయిన చరిత్రకు ఇది కచ్చితమైన కాలసూచిక.

5. జాగీర్ల రద్దు నుంచి కాలనీల దాకా:

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో విలీనమైంది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు నిబంధన వెలువడింది. జాగీరు ఆదాయం మీద నడిచిన ఎస్టేట్లకు తోటమాలులను, నీటి ఏర్పాట్లను పోషించే శక్తి పోయింది. ఎర్రమంజిల్ వంటి భవనాలు ప్రభుత్వ కార్యాలయాలయ్యాయి. వాటి తోటల భూములు రోడ్లుగా, క్వార్టర్లుగా, ఇళ్ళస్థలాలుగా విడిపోయాయి. ఈ విభజనను నష్టంగా మాత్రమే చూడడం చరిత్రకు న్యాయం కాదు. ఒక కుటుంబం విహరించిన భూమిలో వందలాది కుటుంబాలకు నివాసం దొరికింది. ఆసుపత్రులు, కార్యాలయాలు వచ్చాయి.

1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణతో ఉద్యోగులు, వ్యాపారులు, విద్యార్థులు పెద్దసంఖ్యలో ఇక్కడ స్థిరపడ్డారు. సంజీవరెడ్డి నగర్ వంటి కాలనీలు ఆ తరువాతి దశాబ్దాల్లో రూపుదిద్దుకున్నాయి. ప్రహరీ, ముందు చిన్న తోట, గేటుమీద కాగితపు పూల తీగ, వరండాలో పేము కుర్చీలు – ఇది ఆ కాలపు స్వతంత్ర గృహనమూనా. అక్కడ తోటమంటపమంటే పోర్టికో పక్కన ఇనుప పైపులతో వేసిన పందిరి. దానిమీద సన్నజాజి, రాధామనోహరం, శంఖుపుష్పం పాకేవి. కోస్తా నుంచి వచ్చినవారి చలువపందిరి అలవాటు, బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికి ఆషాఢంలో వీధినిండా పందిళ్ళు వేసే స్థానిక అలవాటు ఒకే పేటలో కలిశాయి. అంటే జాగీర్ల అనంతర కాలం బారాదరిని కొనసాగించక పందిరిని ఎంచుకుంది. భూమి చిన్నదైనపుడు అదే సహజమైన ఎంపిక.

1976 నాటి పట్టణ భూపరిమితి చట్టం పెద్ద ఆవరణల పరిస్థితిని మార్చింది. ‘బి’ శ్రేణి నగరమైన హైదరాబాదులో ఖాళీ భూమికి 1000 చదరపు మీటర్ల పరిమితి విధించింది. చట్టం ఉద్దేశం భూకేంద్రీకరణను తగ్గించడం. పెద్ద ఆవరణ ఉన్నవారికి మాత్రం ఖాళీగా ఉంచిన నేల కోల్పోయే అవకాశమున్న ఆస్తిగా కనిపించింది. తోటకూ ఖాళీస్థలానికీ ఆ లెక్కలో తేడా పెద్దగా లేదు. రాష్ట్రంలో ఆ చట్టం 2008లో తొలగిపోయే నాటికి ప్రధాన రహదారుల వెంట తోటలు దాదాపు అదృశ్యమయ్యాయి.

2019లో ఎర్రమంజిల్ మళ్ళీ చర్చకు వచ్చింది. ఆ చోట కొత్త శాసనసభా భవనం నిర్మించాలని జూన్ 18న మంత్రివర్గం తీసుకున్న నిర్ణయాన్ని సెప్టెంబరు 16న తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది. వారసత్వ పరిరక్షణలో ఇది గుర్తుంచుకోదగిన తీర్పు. అయితే కాపాడవలసిన స్థితిలో మిగిలింది గోడలే. పోలో మైదానం, తోట, వాటి నీడలు ఏ న్యాయస్థానపు ముందుకూ రాకుండానే, ఏ ఒక్క తేదీకీ కట్టుబడకుండానే పోయాయి. భవనానికి కూల్చివేత ఒక సంఘటన. తోటకు అది ఒక ప్రక్రియ. వారసత్వ చర్చ ఈ భేదాన్ని ఇంకా తగినంతగా పట్టించుకోవలసి ఉంది.

6. మేడపైకి చేరిన తోట:

1980ల నుంచి స్వతంత్ర గృహాల స్థానంలో అపార్ట్‌మెంట్లు వచ్చాయి. వాటి యాజమాన్యాన్ని క్రమబద్ధం చేయడానికి 1987లో ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది. నేలమీది ఖాళీ వాహనాలకు సరిపోయింది. తోట మేడపైకి చేరింది. గజీబో కూడా అక్కడికే వెళ్ళింది.

ఇది పూర్తిగా కొత్త విషయం కాదు. పదిహేడవ శతాబ్దిలో గోలకొండ రాజ్యాన్ని చూసిన ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే భాగ్యనగర రాజప్రాసాదపు డాబాలమీద పెద్ద చెట్లతో కూడిన తోటలుండేవని, కింది కమానులు అంత బరువును ఎలా మోస్తున్నాయోనని ఆశ్చర్యపోయాడు. హైదరాబాదుకు మేడతోట పుట్టుకతో వచ్చినది. అయితే నాటి డాబా తోటకోసమే కట్టినది. దాని కింద మందమైన కమానులున్నాయి. నేటి స్లాబు నివాసభారానికి లెక్క కట్టినది. దానిమీద మంటపపు స్తంభాలను బోల్టులతో బిగిస్తే నీరింకని పూత పగులుతుంది. పై అంతస్తులో కారుతుంది. తవెర్నియే ఆశ్చర్యపడిన బరువు ప్రశ్ననే నేటి యజమాని ఇంజనీరును అడగవలసి ఉంటుంది.

రెండవ ప్రశ్న హక్కుకు సంబంధించినది. అపార్ట్‌మెంటులో మేడపైభాగం సాధారణంగా అందరి ఉమ్మడి వసతి. పై అంతస్తువారు అక్కడ నిర్మించుకునే మంటపం తరచుగా తగాదాకు కారణం అవుతుంది. జాగీరు తోటలో లేని చర్చ ఇక్కడ తప్పదు: నీడ ఎవరిది? ఉమ్మడి నిర్ణయంతో, అందరూ కూర్చునేలా వేసిన మేడపందిరి పాత వీధి పందిరికి వారసురాలు. ఒక్కరు తాళం వేసుకున్న గజీబో దేవిడీకి వారసురాలు.

7. ఎంపికకు ప్రాతిపదికలు:

పై చరిత్ర నుంచి నేటి ఇంటితోటకు వర్తించే నాలుగు ప్రాతిపదికలను రాబట్టవచ్చు.

కొలత: 200 చదరపు గజాల స్థలమంటే సుమారు 167 చదరపు మీటర్లు. మూడు మీటర్ల చతురస్ర మంటపం 9 చదరపు మీటర్లు ఆక్రమిస్తుంది. అంతే వెడల్పున్న అష్టభుజి మంటపపు వైశాల్యం సుమారు 7.5 చదరపు మీటర్లే. అయినా మూలలు లేకపోవడం వల్ల అందులో బల్ల, కుర్చీలు అమర్చడం కష్టం. 2012 నాటి భవననిర్మాణ నియమాలు (జీవో 168) నిర్దేశించిన విధంగా ఇంటి చుట్టూ వదిలే ఖాళీ ఇంత చిన్న స్థలాల్లో మీటరు, మీటరున్నర దరిదాపుల్లోనే ఉంటుంది. అందులో మూడు మీటర్ల కట్టడం పట్టదు. పట్టించాలని చూస్తే గాలికి, అగ్నిమాపక రాకపోకలకు వదిలిన దారి మూసుకుపోతుంది. గోడకు ఆనించి వాలుగా వేసే పందిరి మాత్రమే ఇక్కడ సాధ్యం.

సూర్యగతి: హైదరాబాదులో మే 9, ఆగస్టు 3 తేదీల సమీపంలో మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ వేళ కప్పు ఒక్కటే నీడనిస్తుంది. సాయంకాలపు ఏటవాలు ఎండ పడమటి నుంచి కప్పు కిందికి దూరుతుంది. నైరుతి రుతుపవనాల జల్లు కూడా ప్రధానంగా ఆ దిక్కు నుంచే వస్తుంది. కనుక నాలుగు వైపులా తెరిచిన బారాదరి నమూనాకన్నా పడమటి వైపు జాలీ లేక తీగతడిక ఉన్న నమూనా అనువైనది. బరువైన కట్టడం నైరుతిలో ఉండాలని, ఈశాన్యం తెరిపిగా ఉండాలని వాస్తు విశ్వాసం. దానిని పాటించేవారికీ ఈ అమరిక అడ్డు రాదు.

పదార్థం: పాలికార్బొనేట్ కప్పు వెలుతురునిస్తుంది, వేసవిలో కింద వేడిని నిలుపుతుంది. రేకు వానలో మాటను వినపడనివ్వదు. టేకు మన్నుతుంది కాని ఖరీదైనది. నేలకు తగిలే చోట చెదపట్టే ప్రమాదం ఉంది. వెదురు, తాటాకు చల్లనివి. అయితే వాటికి కొన్నేళ్ళకొకసారి మరమ్మతు తప్పదు. ఇనుప చట్రంమీద తీగ పాకించే పద్ధతిలో ఆకులే కప్పు అవుతాయి. ఆకులనుంచి ఆవిరయ్యే తేమ చుట్టూ గాలిని చల్లబరుస్తుంది. 1960ల కాలనీ ఇళ్ళు అనుభవంతో చేరుకున్న పరిష్కారం ఇదే.

చూపు: అమీర్‌పేటలో నేడు మంటపం నుంచి కనిపించేది చాలాచోట్ల ఎదుటి భవనపు కిటికీ. చూపు కోసం పుట్టిన కట్టడం ఇక్కడ చూపునుంచి మరుగు కోసం వాడవలసి వస్తున్నది. అటువంటి చోట వెలుపలి దృశ్యాన్ని వెతకడం కన్నా లోపలి దృశ్యాన్ని – ఒక తొట్టి, ఒక మొక్క, ఒక ఆకాశపు ముక్కను – ఏర్పరచుకోవడం ఉచితం. ఇది మండువా నేర్పిన పాఠం.

8. ముగింపు:

● అమీర్‌పేట – పంజాగుట్ట ప్రాంతంలో తోటమంటపపు రూపాన్ని అభిరుచి కన్నా భూమి యాజమాన్యం, భూచట్టాలు ఎక్కువగా నిర్ణయించాయి. ఎస్టేట్లు బారాదరి సంప్రదాయాన్ని, కాలనీలు పందిరిని, అపార్ట్‌మెంట్లు మేడమీది గజీబోను ముందుకు తెచ్చాయి.

● అరుగు, మండువా, పెరడు తొలగిపోవడం వల్ల ఏర్పడిన లోటును గజీబో పూరించబోయింది. విశాలమైన తోటను, దూరపు దృశ్యాన్ని ముందుగా ఊహించుకున్న నమూనా కావడం వల్ల చిన్న స్థలాల్లో అది ఆ పని పూర్తిగా చేయలేకపోతున్నది.

● నేటి చిన్న ఇంటితోటకు తేలికైన, తొలగించడానికి వీలైన, పడమర మరుగున్న తీగపందిరి అన్ని విధాలా తగిన ఎంపిక. 1000 చదరపు మీటర్లకు చేరువైన ఆవరణల్లోనే విడిగా నిలిచే మంటపానికి న్యాయం జరుగుతుంది.

● ఎర్రమంజిల్ తీర్పు గోడలను నిలిపింది. తోటలను కూడా చారిత్రక ఆధారాలుగా గుర్తించి, మిగిలిన సంస్థల ఆవరణల్లోని పాత చెట్లను, బావులను, మంటపాలను నమోదు చేయడం పరిశోధకులు చేపట్టవలసిన తక్షణ కార్యం. భవనాల జాబితాలు తయారయ్యాయి. నీడల జాబితా ఇంకా తయారుకావలసి ఉంది.